నీళ్ళే వచ్చినాయన్నాను

మా అక్క ఎడమ కన్ను పెరియపాళయం అమ్మ తీసుకుందని మావాళ్ళందరూ చెబుతారు. కాదు.

తిరుత్తణిలో మా అక్క ఉండే వీధిలో అడగండి, తిరువళ్ళూరులో మా పాత్రల కొట్టు చుట్టుపక్కల అడగండి, అదే కథ చెబుతారు. తమిళుల ఆడి మాసంలో భవానమ్మ గుడికి పోయి, వేపాకు చీర చుట్టుకుని మొక్కు తీర్చాల్సిన మనిషి ఆ ఆదివారం పోకుండా ఇంట్లో ఉండిపోయిందట. అమ్మకు కోపం వచ్చిందట. ఆ పూటే కంట్లో ఏదో పడిందట. ఏం పడిందని అడిగితే మాత్రం ఎవరూ సరిగా చెప్పరు. ముల్లంటారు, నలకంటారు, మొక్కల మీది దుమ్మంటారు. ఏది పడితే ఏముంది, పడేసింది అమ్మే కదా అంటారు. అని చెంపలు వేసుకుంటారు.

నేను ఒప్పుకోను. చిన్నప్పటినుంచీ ఏ మాటా ఒప్పుకోని మనిషినని నాకు పేరు. కానీ ఈ ఒక్క కథ దగ్గర ఇన్నేళ్ళూ నోరు మూసుకుని తల ఊపాను. నా నోట్లో నువ్వుగింజ నానదని మా అత్తగారు పదిమందిలో అనేవారు. పాపం ఆవిడకు తెలియదు. ఒక గింజ నానకుండా, మొలవకుండా, గొంతు దిగకుండా నా నాలుక కిందే ఉండిపోయింది. దాంతోనే తిన్నాను. దాంతోనే నవ్వాను. దాంతోనే కొట్లో బేరాలాడాను. ఇప్పుడు దాన్ని ఇక్కడ ఉమ్మేస్తున్నాను. మీరెవరో నాకు తెలియదు. తెలిసి ఉంటే చెప్పేదాన్ని కాదు.

అమ్మ ఎవరి కన్నూ తీసుకోలేదు. ఆ కన్ను పోయింది నా వల్ల.

రాశాను. ఇంకా ఏమీ కూలలేదు. సరే, మొదటినుంచీ చెబుతాను.

మా బావకు తిరుత్తణి కొండ కింద పూజ సామాన్ల కొట్టు ఉంది. కావళ్ళు, పసుపు గుడ్డలు, విభూతి పొట్లాలు, కొండెక్కేవాళ్ళకు కావలసినవన్నీ అమ్ముతాడు. కానీ ఆయన ప్రాణమంతా మొట్టమాడి మీద ఉంటుంది. మేడ పైకప్పును మావైపు అట్లాగే అంటాం. అక్కడ నిలబడడానికి చోటు లేకుండా ఎడారి మొక్కలు. బంతుల్లాంటివి, రోకళ్ళలాంటివి, ముసలివాళ్ళ గడ్డంలాగా తెల్ల నూగు వేలాడేవి. ప్రతి తొట్టిలోనూ ఒక తెల్ల ప్లాస్టిక్ చీటీ గుచ్చి, పెన్సిల్‌తో దాని పేరు రాసి ఉంటుంది. సొంత బంధువుల పేర్లు మరిచిపోయే మనిషికి ఆ నోరు తిరగని పేర్లన్నీ కంఠతా వచ్చు. పేరు తెలియని మొక్కంటే ముక్కూ మొహం తెలియని చుట్టంలాంటిది, కూర్చోబెట్టు, నీళ్ళియ్యి, లోపలి గదిలోకి మాత్రం పిలవద్దు అనేవాడు.

ఆయనకు రెండు కట్టుబాట్లు ఉన్నాయి. పేరు తెలియని మొక్కకు కత్తి పెట్టకూడదు. పాలు కారే మొక్కల్ని నీళ్ళ ట్యాంకు వెనక విడిగా ఉంచి, తొట్టికి ఎర్ర దారం కట్టాలి, వాటిని ఆయన తప్ప ఇంకెవరూ ముట్టుకోకూడదు.

ఇక్కడ కొంచెం పాఠం చెప్పక తప్పదు. ఎడారి మొక్కలన్నీ చూపుకు ఒక ఇంటివాళ్ళలా ఉంటాయి గానీ కాదు. నిజమైన కాక్టస్‌ను కోస్తే, ఒకటి రెండు రకాలు తప్ప, నీళ్ళలాంటి జిగురు వస్తుంది. అదే రూపంలో ఉండే కళ్ళిజాతి, అంటే పాలజెముడు జాతి మొక్కను కోస్తే తెల్లటి పాలు వస్తాయి. కళ్ళిపాలు కంట్లో పడితే చూపు పోతుందని మావైపు పసిపిల్లలకు కూడా తెలుసు. చేని గట్ల మీద కంచెగా పెరిగే కళ్ళిని మేం ఒరుసుకోకుండా నడుస్తాం. కాకపోతే మాకు తెలిసింది మా గట్ల మీది కళ్ళి. దేశంకాని దేశం నుంచి, ఎవరి బాల్కనీలోంచో వచ్చిన కళ్ళిని ఎట్లా గుర్తుపడతాం?

అట్లాంటి తొట్టే ఒకటి బావ ఇంటికి వచ్చింది. ఎవరో ఇల్లు ఖాళీ చేసి పోతూ గేటు ముందు వదిలేస్తే, బావ స్కూటర్ మీద పెట్టుకుని తెచ్చాడు. నిలువుగా పెరిగిన కాడలు, నాలుగు పలకలు, నీలం పొడి అద్దినట్టు రంగు, అంచుల వెంట గోధుమరంగు ముళ్ళు. అందమైన మొక్క. చీటీ లేదు. బావ తనలాంటి మొక్కల పిచ్చివాళ్ళందరికీ ఫోటోలు పంపాడు. ఒకరు చెప్పిన పేరు ఇంకొకరు కాదన్నారు. దాంతో దాన్ని ట్యాంకు వెనక పెట్టాడు, దారం మాత్రం కట్టలేదు. తీర్పు రాని ఖైదీలా అది అక్కడ నిలబడి ఉండేది.

నేను కాలేజీలో వృక్షశాస్త్రం చదివాను. పెళ్ళయి పాత్రల కొట్లో కూర్చున్నాక ఆ చదువుతో పని లేకపోయింది, స్టీలు బిందెలకు వేర్లుండవు కదా. అందుకే తిరుత్తణి పోయినప్పుడల్లా బావ మొక్కల మధ్య నా చదువును దులిపి ఆరేసుకునేదాన్ని. ఆయన ఒకటంటే నేను ఇంకొకటనేదాన్ని. నన్ను వకీలమ్మా అని పిలిచేవాడు. ఎగతాళే, కానీ ఆ పిలుపు నాకిష్టం. ఇది కూడా చెప్పాలి, లేకపోతే తర్వాత జరిగింది మీకు అర్థం కాదు. ఆ ఇంట్లో నన్ను చదువుకున్నదానిగా చూసే మనిషి ఆయన ఒక్కడే.

ఆ ఆడి మాసంలో ఒక శనివారం నేను తిరుత్తణి వెళ్ళాను. మర్నాడు అక్క నన్ను తోడు తీసుకుని పెరియపాళయం పోవాలి. ఆ జనంలో, ఆ బస్సుల్లో నలిగి చావలేక నేనే ఆపాను. అమ్మ యాడికీ పోదు లే అక్కా, వచ్చే ఆదివారం పోదువు అన్నాను. అక్క ఆగింది. ఆ మాట గుర్తు పెట్టుకోండి. మధ్యాహ్నం అందరం అన్నాలకు కూర్చున్నాం. బావకు రసం పోస్తూ అక్క ఎత్తుకుంది.

"ఆ పొడుగు మొక్కలో ఒక కొమ్మ ఇయ్యి. వాకిటికి దిష్టికి కట్టాల. ఇంటికి రంగేసినప్పటినుంచి ఈ వీధిలో ఒక్కొక్కరి కండ్లు ఒక్కొక్క తీరుగా ఉండాయి."

"దాని పేరు తెలీదు. కత్తి పెట్టేది లే," అన్నాడు బావ.

"నీ పేరు నేను ఒక్కనాడన్నా పిలిచినానా? కాపురం చెయ్యలేదా?"

నేను పొలమారేట్టు నవ్వాను. నవ్వుతూనే మధ్యలో దూరాను.

"అది కాక్టసే బావా. తెలియకపోయేదానికి ఏముంది అందులో? ముల్లు మొదట్లో తెల్లగా దూది మెత్త ఉండాది, చూడలా? ఆ మెత్త కాక్టస్‌కే ఉంటాది. మొదటి సంవత్సరం పాఠం అది."

"ముండ్లు కళ్ళికి ఉన్నట్టు జంటజంటగా ఉండాయే. అదే నా అనుమానం."

"జంటగా ఉంటే తప్పేంది? నువ్వూ అక్కా లేరా జంటగా, గుచ్చుకుంటా?"

"వకీలమ్మా, వాయిదాలొద్దు," అన్నాడు బావ నవ్వకుండా. "గుచ్చి చూసినావా?"

గుచ్చలేదు. ఆ పొద్దున గుచ్చుదామనే దాని దగ్గరికి పోయాను. గాజుకున్న పిన్నీసు కూడా తీశాను. అంతలో కింద నుంచి అక్క కాఫీ చల్లారిపోతోందని కేకేసింది. పిన్నీసు మళ్ళీ గాజుకు తగిలించుకుని దిగి వచ్చాను. జరిగింది ఇంతే. గుచ్చలేదు, పోయి గుచ్చి వస్తానుండు అని లేచి ఉంటే సరిపోయేది. చెయ్యి కడుక్కుని మెట్లెక్కడానికి ఎంతసేపు?

"చూసినా," అన్నాను. "పిన్నీసుతో గుచ్చినా. నీళ్ళే వచ్చినాయి."

బావ ముద్ద కలపడం ఆపాడు. "నీళ్ళేనా?"

"నీళ్ళే. నమ్మకం లేకుంటే నువ్వే పోయి గుచ్చుకో. నమ్మనోడివి నన్నడిగేది దేనికి?"

"నమ్మకుండా ఏం. సదువుకున్నదానివి," అన్నాడు.

అక్క నా విస్తట్లో ఇంకొక అప్పడం వేసింది. గెలిచినదానికి బహుమానం. తిన్నాను.

అన్నం తిన్నాక బావ పైకి పోయి ఆ తొట్టిని తనే మోసుకొచ్చి కాక్టస్‌ల వరసలో పెట్టాడు. కొత్త చీటీ మీద నేను చెప్పిన పేరు రాసి గుచ్చాడు. అక్షరం అక్షరం నన్నడిగి రాశాడు. నేను పక్కన నిలబడి చెప్పాను. ఒంగి రాస్తున్న ఆ మెడను చూస్తూ, ఇప్పుడన్నా చెప్పు, ఇప్పుడన్నా చెప్పు అని నాలోపల ఎవరో అన్నారని రాస్తే బాగుంటుంది. ఎవరూ అనలేదు. నిజంగానే నాకు గుచ్చినట్టే అనిపించింది. అది కాక్టసేనని అంత గట్టిగా నమ్మాను, గుచ్చి ఉంటే నీళ్ళే వచ్చి ఉండేవని. చెయ్యని పనిని చేశానన్నది అబద్ధం, కానీ దాని ఫలితం నిజమే కదా అని సర్దుకున్నాను. చదువుకున్నవాళ్ళు అబద్ధం ఆడేది ఇట్లాగే. మామూలు మనుషులకు ఇంత తెలివి ఉండదు.

మర్నాడు ఆదివారం. బావ తెల్లవారే కొట్టుకు పోయాడు. కొండకు జనం ఎక్కువగా వచ్చే రోజులవి. టిఫిన్లయ్యాక అక్కా నేనూ మొట్టమాడి ఎక్కాం. ఎండ అప్పుడే కాలుస్తోంది. నేను ట్యాంకు నీడలో స్టూలేసుకుని కూర్చున్నాను. అక్క పాత పేపర్ను పట్టీలాగా మడిచి, ముళ్ళు గుచ్చుకోకుండా కొమ్మ చుట్టూ వేసి పట్టుకుంది. బావ దగ్గర చూసి నేర్చుకున్న పద్ధతి. ఇంకో చేత్తో కూరగాయల కత్తి. పాలమొక్కలైతే బావ కళ్ళద్దాలు పెట్టుకుంటాడు, మోచేతుల దాకా గుడ్డ చుట్టుకుంటాడు. ఇది కాక్టస్. చీటీ ఉంది. చదువుకున్న చెల్లెలు పక్కనే ఉంది. అక్కకు భయమెందుకు?

కత్తి దిగింది.

నేను చూశాను. ఇక్కడే, ఇదే నేను ఎవరికీ చెప్పనిది. అబద్ధం చెప్పడం ఒక ఎత్తు, ఇది ఒక ఎత్తు. కోసిన చోట తెల్లటి చుక్క పుట్టింది. తర్వాత అంచు పొడుగునా చుక్కలు. అవన్నీ కలిసి ధారగా అక్క చేతివెనక మీదికి జారాయి. పాలు. అనుమానానికి తావు లేని పాలు. అక్క చూపు కొమ్మ విరగకుండా పట్టుకోవడం మీద ఉంది. చేతి మీదికి కాదు.

నేను నోరు తెరిచాను. మాట రాలేదు. భయంతో రాలేదంటే మీరు నమ్ముతారు, జాలి కూడా పడతారు. అది కాదు. ఆ పాలు చూసిన మరుక్షణం నా కళ్ళముందు మెదిలింది అక్క కన్ను కాదు, బావ మొహం. సాయంత్రం ఆయన కొట్టు నుంచి వచ్చి, నీళ్ళేనా వకీలమ్మా అని అడగడం కనిపించింది. ఏం చెప్పాలో వెతుకుతున్నాను. పిన్నీసు లోతుగా దిగలేదేమో అనొచ్చా? ముసలి కొమ్మలో నీళ్ళు, లేత కొమ్మలో పాలు అనొచ్చా? నా అక్క చేతి మీద విషం కారుతుంటే నేను వాదన తయారు చేసుకుంటున్నాను. ఎంతసేపు? ఒక ఊపిరి. ఊపిరిన్నర. ఆ లోపల అక్క చెయ్యెత్తి కనుబొమ్మ మీది చెమట తుడుచుకుంది.

"అక్కా" అన్నాను. అప్పుడన్నాను.

"ఏమే?" అని తిరిగింది. తిరుగుతూనే కన్ను మూసుకుంది. "అయ్యో, ఏందిది, మండతా ఉండాదే. నిప్పు పడినట్టు ఉండాదే పాపా!"

"ఏం లేదు, ముల్లు నూగు పడుంటాది," అన్నాను. "కాక్టస్ నీళ్ళేలే. రెండుసార్లు నీళ్ళు కొట్టుకో, పోతాది."

పాలు చూసిన తర్వాత అన్నాను ఆ మాట. చూసిన తర్వాత.

అక్క తడుముకుంటూ కిందికి దిగింది. నేను వెంట పోయి, పంపు కింద తల పెట్టించి, గంటసేపు కడగాల్సింది. పోలేదు. ముందు కత్తి తుడిచాను, నా చీర కొంగుతో. కోసిన కొమ్మను పేపర్తో సహా చుట్టి వెనక ఖాళీ స్థలంలోకి విసిరేశాను. అక్క పెరట్లో మూలుగుతుంటే నేను పైన సాక్ష్యం మాయం చేస్తున్నాను. కిందికి వచ్చేసరికి ఆమె ముఖాన రెండు దోసిళ్ళ నీళ్ళు కొట్టుకుని, నేను చెప్పినట్టే, తడి గుడ్డ వేసుకుని పడుకుని ఉంది.

పొద్దు వాలేసరికి కన్ను వాచి మూసుకుపోయింది. బావ వచ్చి ఆటో పిలిచాడు. ఆ ఆసుపత్రి పేరు చెప్పను, వాళ్ళ తప్పేమీ లేదు. డాక్టరు తమిళంలో అడిగాడు, ఏం మొక్క, పాలు వస్తాయా, బాగా గుర్తు తెచ్చుకోమన్నాడు. అక్క ఒక కంటితో నావైపు తిరిగి, "నేను చూడలే సార్. మా చెల్లెలు సదువుకున్నాది, అదే చెప్తాది," అంది.

డాక్టరు నావైపు చూశాడు. బావ నావైపు చూశాడు.

"పాల్ ఇల్లే డాక్టర్, కాక్టస్ తాన్," అన్నాను. పాలు లేవు, కాక్టసే.

రాసుకున్నాడు. కంట్లో చుక్కలు వేసి పంపాడు.

ఇల్లు చేరగానే బావ పైకి పోయాడు. మొక్కలకు నీళ్ళు పోయాలన్నాడు. నేను మెట్ల కింద నిలబడి విన్నాను. నీళ్ళ చప్పుడు లేదు. అడుగుల చప్పుడు కూడా లేదు. ఆ మొక్క మొండెం మీద పాలు ఎండి తెల్లగా అట్టకట్టి ఉంటాయన్న సంగతి అప్పుడు తట్టింది. కొమ్మను విసిరేశాను, కత్తిని తుడిచాను, మొండేన్ని మరిచిపోయాను. ఆయన దిగి వస్తాడు, అడుగుతాడు, ఇప్పుడు అంతా బయటపడుతుంది అనుకున్నాను. ఆయన దిగి వచ్చాడు. నా పక్కనుంచి పోయి, అక్క దగ్గర కూర్చుని విసనకర్ర తీసుకున్నాడు. ఏమీ అడగలేదు.

తెల్లవారాక నేను పైకి పోయి చూశాను. ఆ తొట్టి కాక్టస్‌ల వరసలో లేదు. మళ్ళీ ట్యాంకు వెనక ఉంది. మొండెం కడిగి ఉంది. చీటీ లేదు. పీకేశాడు. ఎర్ర దారం కట్టాడేమోనని చుట్టూ తిరిగి చూశాను. కట్టలేదు.

తర్వాత చెన్నైలో పెద్ద కంటి ఆసుపత్రికి తీసుకుపోయాం. అక్కడ ఒకసారి బావ ఒక్కడే లోపలికి పోయి డాక్టర్తో మాట్లాడి వచ్చాడు. నేను బయట బెంచీ మీద అక్క తలను నా భుజానికి ఆనించుకుని కూర్చున్నాను. ఆ రోజు మందులు మారాయి. ఏం చెప్పాడో తెలియదు. అప్పటికే నల్లగుడ్డు మీద పుండు పడింది. అది మానింది గానీ, తెల్లటి పొర మిగిలింది. ఎడమ కంట అక్కకు ఇప్పుడు వెలుగూ నీడా తప్ప మనిషి కనిపించడు. వెంటనే బాగా కడిగి ఉంటే దక్కేదా? మొదటి డాక్టరుకు పాలు అని చెప్పి ఉంటే దక్కేదా? నేను ఎవరినీ అడగలేదు. అవును అంటారేమోనని.

అమ్మ కథ పుట్టింది ఆ ఆసుపత్రి వరండాలోనే. చూడ్డానికి వచ్చిన మా మేనత్త, ఆదివారం ఎందుకు పోలేదని అక్కను అడిగింది. చెల్లెలు వద్దనిందని అక్క చెప్పింది. మేనత్త నన్ను వాయగొట్టింది, నీ వితండవాదం నీ ఇంట్లో పెట్టుకో, మొక్కు దగ్గర చూపిస్తావా అని. తల వంచుకుని పడ్డాను. నేను పడ్డానంటే జనం ఆశ్చర్యపోయారు, ఎంత మారిపోయిందో చూడండన్నారు. మారలేదు. దొంగకు వేరే దొంగతనం అంటగట్టితే లోపల ఊపిరి పీల్చుకుంటాడు చూడండి, అది. ఆ తిట్లు నాకు గొడుగయ్యాయి. ఇన్నేళ్ళూ దాని కిందే నిలబడ్డాను.

అప్పటినుంచీ ప్రతి ఆడి మాసంలో అక్కతో పెరియపాళయం పోతున్నాను. ఎడమవైపు నేను నడుస్తాను, అటువైపు వచ్చేది ఆమెకు కనపడదు కాబట్టి. చీర మీద వేపమండలు చుట్టుకుని, హుండీలో వెండి కళ్ళు వేసి, రెండు చేతులూ జోడించి మా అక్క గట్టిగానే అంటుంది, తప్పు నాదే తల్లీ, నన్ను క్షమించు అని. ఆమె మోచెయ్యి నా చేతిలో ఉంటుంది. ఆ వేపాకు చేదు వాసన ముక్కుకు తగులుతూ ఉంటుంది. నా తప్పుకు ఆమె క్షమాపణ అడుగుతుంటే నేను జనంలో ఆమె పడిపోకుండా పట్టుకుంటాను. ఎంత మంచి చెల్లెలో అంటారు.

మీరిప్పుడు ఏమంటారో నాకు తెలుసు. పోయి చెప్పేసెయ్ అంటారు. చెప్పలేను. ఆ నమ్మకంతోనే ఆమె కుదుటపడింది, దాన్ని పీకేస్తే ఏమైపోతుంది, ఆమె మంచికే నేను చెప్పడం లేదు అని ఇన్నాళ్ళూ నాకు నేను వాదించుకున్నాను. మంచి వాదన. కోర్టులో నిలబడుతుంది. కానీ నిజం అది కాదు. నిజం ఏమిటంటే నాకు భయం. మా అక్క ఆ మిగిలిన ఒక్క కంటితో నన్ను చూస్తుందే, ఆ చూపు భయం.

అంతకంటే పెద్ద భయం ఇంకొకటుంది. అది ఇప్పటిది.

ఆ మొక్క ఇంకా అక్కడే ఉంది. చీటీ లేదు, దారం లేదు. బావ కొట్టులో ఉన్నప్పుడు మొక్కలకు నీళ్ళు పోసేది అక్కే. ఒంటికన్నుతో, వంగి, తడుముతూ. అది ఏమిటో ఆమెకు తెలియదు. ఆమెకు తెలిసినంతవరకూ అది చెల్లెలు చెప్పిన కాక్టస్. ఎండాకాలం ఒక కాడ విరిగితే? ఎత్తి పక్కన పెట్టి, అదే చేత్తో రెండో కన్ను నలుపుకుంటే? తిరుత్తణి నుంచి ఫోన్ మోగితే నేను వెంటనే ఎత్తను. మూడో మోత దాకా చెయ్యి ముందుకు పోదు. ఒకసారి అక్క నిద్రపోతుంటే ఆ తొట్టి నిండా మరిగే గంజి పోసి వచ్చాను. చావలేదు. మరుసటిసారి పోయేసరికి కొత్త కొమ్మ వేసి ఉంది. ముళ్ళ మొదట్లో తెల్లటి దూది కనపడితే గోటితో గీరాను. మెత్తగా నలిగి గోటికి అంటుకుంది. పిండినల్లి. మొదటి సంవత్సరం పాఠమని నేను ఎలుగెత్తి చాటింది ఒక పురుగు గూడును చూసి.

మొన్న ఒక సెలవు రోజు తిరుత్తణిలో ఉన్నాను. అక్క కూతురిది చెన్నైలో ఉద్యోగం, అదీ వచ్చింది. దాని ఫోన్లో మొక్క ఫోటో తీస్తే పేరు చెబుతుందట. ఒక్కొక్క తొట్టినీ తీస్తూ, చీటీ మీది పేరుతో సరిచూస్తూ నాయన్ని ఆట పట్టిస్తోంది. బావ మురిసిపోతున్నాడు. నేను బట్టలారేస్తున్నాను. అక్క మెట్ల మీద కూర్చుని చిక్కుళ్ళు గిల్లుతోంది.

పిల్ల ట్యాంకు వెనక్కి పోయింది.

"నాయనా, దీనికి చీటీ లేదేంది? ఎర్ర దారం కూడా లేదు. చిన్నమ్మా, ఇదేం మొక్క? నువ్వు చెప్పుకో, ఫోన్ చెప్పేలోపల. పందెం!"

నా చేతిలో తడి చీర ఉంది. దాన్ని పిండుతూనే ఉన్నాను, నీళ్ళు ఎప్పుడో అయిపోయాయి. ఫోన్ పైకెత్తింది. తెర మీద ఏదో గుండ్రంగా తిరుగుతోంది. అక్క గిల్లడం ఆపి తిరిగింది, ఆ మంచి కన్ను ఇటు వచ్చేట్టు.

బావ వచ్చాడు. ఆ వయసులో అంత గబగబా నడవడం నేను చూడలేదు. ఫోనుకీ మొక్కకీ మధ్య అరచెయ్యి అడ్డం పెట్టాడు.

"దాన్ని వదిలెయ్ పాపా."

"ఏం నాయనా? పేరు తెలుసుకుందాం."

"కొన్నిటికి పేరు లేకుంటేనే బాగుంటాది. రా, అక్కడ పూసింది చూపిస్తా."

నావైపు చూడలేదు. ఒక్కసారి కూడా చూడలేదు. చూడకపోవడంలోనే నాకు అంతా తెలిసిపోయింది. ఈయనకు మొదటి సాయంత్రం నుంచీ తెలుసు. పిన్నీసు సంగతి తెలుసు. నీళ్ళ సంగతి తెలుసు. ఇన్నేళ్ళు నా విస్తట్లో అక్క చేత అప్పడం వేయించిన మనిషి, నన్ను వకీలమ్మా అని పిలవడం మాత్రం ఆ రోజునుంచే మానేశాడు. నేను గమనించలేదని నాకు నేను చెప్పుకున్నాను. గమనించాను.

పిల్ల చెయ్యి అడ్డం రాకముందే ఫోటో తీసిందో లేదో తెలియదు. అది అప్పటికే చెన్నై పోయింది. ఏ రోజైనా ఫోన్ తెరిచి తీరిగ్గా చూసుకుంటే? చూసుకుని వాళ్ళమ్మకు ఫోన్ చేస్తే?

ఇంతే. రాసేశాను. ఎవరూ నన్ను క్షమించలేదు, క్షమించమని నేను ఎవరినీ అడగలేదు, అడిగే మొహం లేదు. కానీ నాలుక కింద ఆ గింజ లేదు. తడిమి చూసుకున్నాను. ఆ చోటు పుండులా మండుతోంది, ఖాళీగా ఉంది. ఇన్నేళ్ళ తర్వాత ఇవాళ నా ఉమ్మి నేను సరిగా మింగగలిగాను. దాన్ని మీరు ఏమన్నా అనుకోండి.

ఒక్క సంగతే ఇంకా తేలలేదు. తెలిసినవాడు అడగలేదు సరే. నామీద జాలి అనుకుంటాను ఒకపూట. నా మాట నమ్మి చీటీ రాసినందుకు తనమీద తనకు సిగ్గేమో అనుకుంటాను ఇంకోపూట. చీటీ పీకినవాడు దారం ఎందుకు కట్టలేదు? కడితే మా అక్కకు తెలిసిపోతుందనా? ఆమెకు తెలియకుండా ఉండటం కోసం ఆమె రెండో కన్నును కూడా పణం పెట్టావా? ఆ చెయ్యి ఎవరిని కాపాడ్డానికి అడ్డం పెట్టినావు, బావా?